ఓడ దిగే ముందు తిరుగు దారి చూసుకోండి: తొలి కరీబియన్ ప్రయాణానికి సిద్ధమవుతున్న పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాము. కాకినాడ నుంచి మా అమ్మానాన్నలు ఈ వేసవికి వస్తున్నారు. జూన్ చివరి వారంలో గాల్వెస్టన్ నుంచి బయలుదేరే ఏడు రాత్రుల కరీబియన్ క్రూయిజ్‌కు ఆరుగురికీ టికెట్లు తీసుకున్నాము. ఓడ బుధవారం హోండురాస్‌లోని రోవటాన్ దీవిలోనూ, గురువారం బెలీజ్ సిటీలోనూ, శుక్రవారం మెక్సికోలోని కోజుమెల్‌లోనూ ఆగుతుంది. నాన్నగారికి 69 ఏళ్లు, మధుమేహం ఉంది. మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా నాగరికత గుడులు చూడాలని ఆయన కోరిక. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పన్నెండేళ్ల బాబు స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి అడుగు చూడటం), జిప్‌లైన్ (ఎత్తున కట్టిన తీగ మీద వేలాడుతూ జారడం) రెండూ కావాలంటున్నాడు, పాపకు ఆరేళ్లు. ఈత మా వారికీ బాబుకూ మాత్రమే వచ్చు. ఓడవాళ్లు అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే రేవుల్లో దించి ఒడ్డున తిప్పి చూపించే యాత్రలు, ఆరుగురికి లెక్క కడితే గుండె గుభేలుమంటోంది. బయట సగం ధరకే దొరుకుతాయని స్నేహితులు అంటున్నారు, ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుందని ఇంకొందరు భయపెడుతున్నారు. ఏ రేవులో ఏం చూడాలి, ఎవరి దగ్గర బుక్ చేసుకోవాలి?

సమాధానం: అమ్మా, ఓడవాళ్ల దగ్గర కొనాలా, బయట కొనాలా అన్న ప్రశ్నకు ప్రయాణం మొత్తానికి ఒకే జవాబు వెతుకుతున్నారు కాబట్టే మీకు చిక్కు వచ్చింది. మీ మూడు రేవులూ మూడు రకాలవి. ఒకచోట బయట కొనడం తెలివైన పని, ఇంకొకచోట అదే పని దుస్సాహసం. ఆ తేడా తెలుసుకోవడానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. చూడదలచుకున్న చోటు నుంచి కాకుండా, ఓడ మెట్ల దగ్గర మీరు తిరిగి నిలబడవలసిన గడియ నుంచి వెనక్కి లెక్క కట్టండి. ఆ గడియకూ మీరు చూడబోయే చోటుకూ మధ్య ఎంత రోడ్డు ఉంది, ఎంత నీరు ఉంది, వాటిలో మీ చేతిలో లేనివి ఎన్ని అన్నది తేలితే, ఎవరి దగ్గర కొనాలో దానంతట అదే తేలిపోతుంది.

ఓడ సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుందని కాగితంలో ఉంటే, ప్రయాణికులంతా ఎక్కి తీరవలసిన సమయం సాధారణంగా దానికి అరగంట ముందే ఉంటుంది. కచ్చితమైన వేళ ఓడలో ఏ రోజుకారోజు ఇచ్చే కార్యక్రమాల పత్రంలోనూ ఓడ యాప్‌లోనూ ప్రకటిస్తారు. ఆ వేళకు ఇంకో గంట ముందే రేవు గేటు దగ్గరికి చేరాలన్నది నా సొంత నియమం. పసిపిల్లతోనూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతోనూ వెళ్లేవారు దాన్ని గంటన్నర చేసుకోవాలి, ఎందుకంటే రేవు గేటు నుంచి ఓడ దాకా ఉండే పొడవాటి పీర్ మీద, అంటే ఓడలు ఆనుకొని ఆగే వంతెన లాంటి కట్టడం మీద, ఎండలో నడవవలసిందే.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక గడియారంతో వస్తుంది. జూన్‌లో టెక్సస్‌లో వేసవి సమయం నడుస్తూ ఉంటుంది, కానీ హోండురాస్, బెలీజ్ దేశాలు వేసవి కోసం గడియారాన్ని ముందుకు జరపవు. అందువల్ల గాల్వెస్టన్‌లో 5 గంటలైనప్పుడు రోవటాన్‌లోనూ బెలీజ్‌లోనూ 4 గంటలే అవుతుంది. ఓడ గాల్వెస్టన్ సమయాన్నే పాటిస్తూ ఉంటే, ఒడ్డున సిగ్నల్ అందుకున్న మీ ఫోను తనంతట తాను స్థానిక సమయానికి మారిపోయి ఒక గంట వెనక చూపిస్తుంది. మీరు నిశ్చింతగా కొబ్బరి నీళ్లు తాగుతున్న వేళకు ఓడ లంగరు ఎత్తుతూ ఉంటుంది. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తుంది. అది వేసవిలో గాల్వెస్టన్‌తో సరిపోతుంది కాబట్టి శుక్రవారం ఈ బాధ లేదు. కొన్ని ఓడలు రేవును బట్టి తమ గడియారాన్ని మార్చుకుంటాయి, కొన్ని మార్చవు. దిగే ముందు రోజు రాత్రే ఓడ సమయం ఏమిటో అడిగి తెలుసుకోండి. మీ నాన్నగారి దగ్గర పాత హెచ్.ఎం.టి. చేతి గడియారం ఉంటే దాన్ని ఓడ సమయానికి తిప్పి ఆయన చేతికే పెట్టండి. ఏ సిగ్నల్‌కూ లొంగని గడియారం ఇంట్లో ఒకరి చేతికైనా ఉండాలి.

ఇప్పుడు ధరల సంగతి. ఓడవాళ్ల ద్వారా కొంటే మీరు చెల్లించే అదనపు సొమ్ము గైడు ప్రతిభకు కాదు. చాలాసార్లు ఓడవాళ్లూ స్థానిక సంస్థలకే ఆ పని అప్పగిస్తారు. ఆ సొమ్ము రెండు హామీలకు. వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తదుపరి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లే తీసుకుంటారు. గాలి వల్లో అలల వల్లో ఓడ ఆ రేవులో ఆగకపోతే మీ డబ్బు అడగకుండానే వెనక్కి వస్తుంది. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు అట్లాంటిక్ తుపానుల కాలం కాబట్టి ఈ రెండో హామీని తీసిపారేయకండి. బయటి సంస్థల్లో మంచివాళ్లు చాలామంది ఉన్నారు, చిన్న బృందాలతో తీరిగ్గా చూపిస్తారు, ధర తక్కువ. అయితే ఓడ రేవులో ఆగకపోతే డబ్బు తిరిగి ఇస్తారా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి, తిరుగు దారి బాధ్యత మాత్రం మీదే.

మొదటి రేవు రోవటాన్. ఇక్కడ ఓడ నేరుగా పీర్‌కు ఆనుకొని ఆగుతుంది, మెట్లు దిగితే నేల మీదే ఉంటారు. దీవి సన్నగా పొడవుగా ఉంటుంది. క్రూయిజ్ ఓడలకు రెండు రేవులు ఉన్నాయి: ఒకటి కాక్సెన్ హోల్ పట్టణంలో, రెండోది ఇదివరకు మహాగనీ బే అని పిలిచిన ఇస్లా ట్రోపికాలే. మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో తెలుసుకోకుండా బయటి వ్యానుకు డబ్బు కట్టకండి. వ్యాను ఒక గేటు దగ్గరా మీరు ఇంకో గేటు దగ్గరా నిలబడి ఒకరికోసం ఒకరు ఎదురుచూసే పరిస్థితి రాకూడదు. దీవి పడమటి కొసన ఉన్న వెస్ట్ బే తీరానికి రెండు రేవుల నుంచీ వాహనంలో దాదాపు అరగంట పడుతుంది. తెల్లటి ఇసుక, లోతు తక్కువైన నీరు, తీరం నుంచే ఈదుకుంటూ చేరగలిగినంత దగ్గరలో పగడపు దిబ్బ. మీ బాబు మొట్టమొదటిసారి స్నార్కెల్ గొట్టం నోట పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మీ దారిలో లేదు, ఎందుకంటే పడవలోంచి నడిసముద్రంలోకి దూకనక్కరలేదు, భయం వేస్తే వెనక్కి నడిచి రావచ్చు.

అందుకే రోవటాన్‌లో మీరు బయట బుక్ చేసుకోవచ్చు అంటాను. దూరం తక్కువ, మధ్యలో పడవ లేదు, వ్యాను చెడిపోయినా ఇంకో టాక్సీ దొరుకుతుంది. ఆరుగురికి కలిపి ఒక వ్యాను మాట్లాడుకొని, తీరంలో కుర్చీలు, గొడుగులు, మరుగుదొడ్డి, స్నానానికి మంచినీరు ఉన్న ఒక చోట రోజు రుసుము కట్టి కూర్చోండి. అమ్మగారికి నీడలో వీపు ఆనే కుర్చీ, పాపకు ఇసుక, బాబుకూ మీ వారికీ నీరు. ఇక్కడ ఇసుకలో కంటికి కనబడనంత చిన్న ఈగలు ఉంటాయి, కుట్టిన దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. దోమల మందు తప్పక రాసుకోండి.

రోవటాన్ ప్రకటనల్లో బద్ధక జంతువును, అదే స్లాత్‌ను, చంకన ఎత్తుకొని ఫోటో దిగే ఏర్పాటు ఉంటుంది. పాప ముచ్చట పడుతుంది. అయినా వద్దనే చెబుతాను. రోజుకు ఎన్ని ఓడలు వస్తే అన్ని వందల చేతులు మారే ఆ ప్రాణి నవ్వుతున్నట్టు కనిపించడం దాని ముఖం తీరు మాత్రమే. చెట్టు మీద ఉన్నదాన్ని దూరం నుంచి చూపించే చోటు దొరికితే చూడండి. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమంటున్నారు కనుక ఆయనకు ఒక మాట చెప్పండి: ఈ దీవి ఉత్తర తీరంలో ఉన్న పుంటా గోర్డా ఊరు గరీఫునా ప్రజలది. ఆఫ్రికన్, ఆదివాసి మూలాలు కలగలిసిన ఆ జాతిని బ్రిటిష్‌వారు సెయింట్ విన్సెంట్ దీవి నుంచి వెళ్లగొట్టి, 1797 ఏప్రిల్‌లో ఇక్కడ దించి వెళ్లిపోయారు. ఆ ఊరు మీరు వెళ్లే తీరానికి ఎదురు దిక్కున, దూరంగా ఉంది కాబట్టి ఒకే రోజు రెండూ పెట్టుకోమని చెప్పను.

ఒకే రోజు రెండు పెట్టుకోవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. నా మొదటి క్రూయిజ్‌లో ఒక దీవిలో తీరం, జంతువుల పార్కు, చెరకు తోట, బజారు అన్నీ కలిపి ఒకే టికెట్టులో అమ్ముతుంటే చవకగా ఉందని మురిసిపోయి కొన్నాను. ఆ రోజు నాకు ఇప్పుడు గుర్తున్నది వ్యాను కిటికీ, ముందు సీటు వెనక అంటించిన ఒక స్టిక్కరు. తీరంలో ముప్పై నిమిషాలు ఇచ్చారు, అందులో పది బట్టలు మార్చుకోవడానికే పోయాయి. రేవుకు ఒక్క పని పెట్టుకోండి. బాబును కూర్చోబెట్టి, జిప్‌లైనా స్నార్కెలింగా అని రోవటాన్ వరకు ఒక్కటే ఎంచుకోమనండి. జిప్‌లైన్ అంటే బరువు పరిమితులు, వయసు పరిమితులు, మడమ మూసే బూట్లు ఉంటాయని కూడా చెప్పండి. నన్నడిగితే జిప్‌లైన్ టెక్సస్‌లోనూ దొరుకుతుంది, పగడపు దిబ్బ దొరకదు.

గురువారం బెలీజ్. మీ ప్రయాణంలో జాగ్రత్తగా ఆలోచించవలసిన రోజు ఇదే. బెలీజ్ తీరం పొడవునా ఉన్న పగడపు దిబ్బల వరుసను 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందానికి ఆ దిబ్బలూ, వాటి లోపలి లోతు తక్కువ నీరూ ఎంత మేలో, పెద్ద ఓడలకు అంత అడ్డు. ఓడ ఒడ్డుకు చాలా కిలోమీటర్ల దూరంలోనే లంగరు వేస్తుంది, అక్కడి నుంచి టెండర్ అనే చిన్న పడవల్లో ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ప్రయాణించి పట్టణం చేరాలి. ఓడవాళ్ల ఎక్స్‌కర్షన్లు కొన్నవారిని ముందు దించుతారు. మిగతావారు చీటీ తీసుకొని తమ వంతు కోసం కూర్చోవాలి. గాలి ఎక్కువైతే టెండర్లు ఆపేస్తారు, రేవే రద్దవుతుంది. సాయంత్రం చివరి టెండర్ ఓడ బయలుదేరే వేళకు చాలా ముందే వెళ్లిపోతుంది, మీరు గుర్తుపెట్టుకోవలసిన గడియ అదే.

ఇప్పుడు నేను చెప్పిన లెక్క వేసి చూడండి. మీ నాన్నగారి కోరిక తీరే చోటు ఇక్కడ ఆల్టున్ హా అనే మాయా క్షేత్రం. అది బెలీజ్ సిటీకి ఉత్తరంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది, బస్సులో గంట పడుతుంది. ఓడ 5 గంటలకు బయలుదేరితే చివరి టెండర్ 4 లోపే అనుకోండి. 3 గంటలకు పట్టణంలోని పీర్ దగ్గర ఉండాలి, 2 గంటలకు ముందే గుడి దగ్గర బస్సెక్కాలి. ఉదయం 8కి లంగరు వేసినా, టెండర్ వంతు, పడవ ప్రయాణం, బస్సు కలిపితే గుడి చేరేసరికి 10:30 అవుతుంది. అంటే మూడు గంటలపైన సమయం ఉన్నట్టే, కానీ ఉదయం టెండర్ గంట ఆలస్యమైతే అది రెండుకు తగ్గుతుంది, రోడ్డు మీద లారీ అడ్డం పడితే ఒకటికి. ఇందులో ఏ ఒక్కటీ మీ చేతిలో లేదు. పైగా గడియారం మెలిక ఉన్న రోజు. కాబట్టి బెలీజ్‌లో ఓడవాళ్ల దగ్గరే కొనండి. ఆ ఎక్కువ సొమ్ము ఈ ఒక్క రోజు సార్థకం.

ఆల్టున్ హా చిన్నది, అదే దాని గొప్ప. రెండు ప్రాంగణాల చుట్టూ పచ్చిక మీద నిలిచిన రాతి కట్టడాలు; పెద్ద గుడి బొమ్మ ఆ దేశపు బీరు సీసా చీటీ మీద కూడా ఉంటుంది. 1968లో పురావస్తు శాస్త్రవేత్త డేవిడ్ పెండర్‌గాస్ట్ బృందం ఈ గుడిలోని ఒక సమాధిలో పచ్చరాయితో చెక్కిన తల బొమ్మను వెలికితీసింది. ఒకే పచ్చరాయిలో చెక్కిన ఆ తల నాలుగు కిలోలకు పైగా తూగుతుంది, మాయా సూర్యదేవుడు కినిచ్ అహావుది అని చెబుతారు. మీ నాన్నగారు ఈ కథ తెలిసి అక్కడ నిలబడితే రాళ్లు వేరేగా కనిపిస్తాయి. మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. ఆయన ఎక్కాలనుకుంటే మీ వారు పక్కన ఉండాలి. ఎక్కకపోయినా కింది నుంచే అంతా కనిపిస్తుంది. నీడ తక్కువ, జూన్ ఎండ, గాలిలో తేమ: టోపీ, నీళ్లు, దోమల మందు మరవవద్దు.

మీకు అమ్మే జాబితాలో షునన్‌టునిచ్ అనే పెద్ద గుడి కూడా ఉంటుంది. నలభై మీటర్ల ఎత్తు కట్టడం, మరపురానిదే, కానీ అది గ్వాటెమాలా సరిహద్దు దగ్గర ఉంది, రానుపోను నాలుగు గంటలకు పైగా బస్సులోనే గడుస్తుంది. గుహల్లో రబ్బరు ట్యూబు మీద తేలుతూ వెళ్లే కేవ్ ట్యూబింగ్ కూడా ప్రసిద్ధమే. బాబుకు నచ్చుతుంది, అయితే అడవిలో నడక, నదిలో జారుడు రాళ్లు ఉంటాయి కాబట్టి పెద్దవారిద్దరికీ కుదరదు. కుటుంబాన్ని రెండుగా చీల్చడం తప్పేమీ కాదు గానీ, టెండర్ రేవులో మాత్రం చీల్చకండి. ఒక జట్టు ఒడ్డున, ఇంకో జట్టు దారిలో ఉంటే ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు.

ఇక అమ్మగారి విషయం. కదిలే ఓడలోంచి కదిలే పడవలోకి అడుగు వేయాలి. సిబ్బంది రెండు చేతులూ పట్టుకొని దించుతారు, అయినా మోకాళ్లు సహకరించని రోజున అది చిన్న పని కాదు. గురువారం ఆవిడ ఓడలోనే ఉండిపోతే ప్రయాణం వృథా అయినట్టు ఎవరూ భావించకండి. అందరూ ఒడ్డుకు వెళ్లిన రోజున ఓడ ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూసినవారికే తెలుసు. పాపను ఆవిడ దగ్గర ఉంచితే మాత్రం మీలో ఒకరు కూడా ఉండాలి, ఆరేళ్ల పిల్లను ఈత కొలను చుట్టూ కనిపెట్టుకొని తిరిగే పని ఆవిడకు పెట్టకూడదు. ఉండిపోతారా, వస్తారా అన్నది ఆవిడనే అడగండి. మన ఇళ్లలో పెద్దవాళ్లను అడగకుండానే వాళ్ల తరఫున నిర్ణయించేస్తాము.

బెలీజ్ డబ్బు గురించి ఒక హెచ్చరిక. అమెరికా డాలరుకు రెండు బెలీజ్ డాలర్లు, ఇది స్థిరమైన మారకం. రెంటినీ డాలరనే పిలుస్తారు. ఏదైనా కొనే ముందు ఏ డాలరు అని అడగండి, అడిగితే ధర సగం కావచ్చు.

శుక్రవారం కోజుమెల్. ఇక్కడ కూడా ఓడ పీర్‌కు ఆనుకునే ఆగుతుంది. ఒకటి ఊరి నడిబొడ్డున, మిగతా రెండు కాస్త దక్షిణాన, మొత్తం మూడు పీర్‌లు. ఓడవాళ్లు మీ నాన్నగారి వంటివారికి మొదట చూపేది తులూమ్. సముద్రపు ఒడ్డున కొండ అంచు మీద నిలిచిన మాయా పట్టణం, ఫోటో చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. కానీ అది కోజుమెల్‌లో లేదు, ప్రధాన భూభాగంలో ఉంది. ఫెర్రీ ఎక్కి ముప్పావు గంట, ప్లాయా డెల్ కార్మెన్‌లో దిగి బస్సులో మరో గంట, ఆ పైన ఎండలో నడక, మళ్లీ అదే దారిన వెనక్కి. ఆ ఫెర్రీ అలల్లో ఊగే తీరు కడుపు గట్టివారిని కూడా పరీక్షిస్తుంది. ముందు రోజే ఆల్టున్ హా చూసిన 69 ఏళ్ల మధుమేహ రోగిని మరునాడే ఈ దారిలో తీసుకెళ్లమని నేను చెప్పలేను. తులూమ్ చూసి తీరాలనుకుంటే బెలీజ్‌ను వదులుకోండి, తులూమ్‌ను ఓడవాళ్ల దగ్గరే కొనండి. రెండింట్లో నా మొగ్గు ఆల్టున్ హా వైపే.

కోజుమెల్ దీవి లోపలే శాన్ హెర్వాసియో అనే మాయా క్షేత్రం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కట్టడాలు చిన్నవి, ఎక్కడానికి వీలు లేదు, తులూమ్‌లా కళ్లు చెదరవు. అయితే కథ పెద్దది. చంద్రుడికీ సంతానానికీ ప్రసవానికీ అధిదేవత అయిన ఇష్‌చెల్‌ను కొలవడానికి ప్రధాన భూభాగం నుంచి స్త్రీలు దోనెల్లో సముద్రం దాటి ఇక్కడికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవారు. గుడుల మధ్య నడిచే దారి చెట్ల నీడలో, పెద్దగా ఎగుడు దిగుళ్లు లేకుండా ఉంటుంది. మీ అమ్మగారికి మొక్కులంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. ఈ క్షేత్రం నాన్నగారికంటే ఆవిడకే ఎక్కువ నచ్చితే నేను ఆశ్చర్యపోను.

ఇక్కడ మాత్రం రెండు జట్లుగా విడిపోండి. మీ వారూ బాబూ ఉదయం చిన్న పడవలో దక్షిణాన ఉన్న పాలన్‌కార్ దిబ్బకూ, ఎల్ సియెలో అనే లోతు తక్కువ ఇసుక మేటకూ వెళ్లవచ్చు. బుధవారం వెస్ట్ బేలో నేర్చుకున్న విద్య శుక్రవారానికి పనికొస్తుంది. ఎల్ సియెలోలో నేల మీద సముద్ర నక్షత్రాలు కనిపిస్తాయి. ఫోటో కోసం వాటిని నీళ్లలోంచి పైకి తీయవద్దని బాబుకు ముందే చెప్పండి. దిబ్బల చుట్టూ ఉన్న నీరు రక్షిత మెరైన్ పార్కు, ఒంటికి సన్‌స్క్రీన్ పూసుకొని దిగవద్దంటారు; పొడవు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఆ గొడవే ఉండదు. మీరూ పెద్దలిద్దరూ పాపా టాక్సీలో శాన్ హెర్వాసియోకు వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకు అందరూ ఊళ్లో ఒక భోజనశాల దగ్గర కలుసుకోండి. టాక్సీ ధరల పట్టిక పీర్ దగ్గర ఉంటుంది. చెప్పిన ధర మనిషికా బండికా, వెళ్లడానికేనా తిరిగి తీసుకురావడానికి కూడానా, అక్కడ ఎంతసేపు ఆగుతాడు అన్న మూడు ప్రశ్నలు ఎక్కకముందే అడగండి. పగడాలు చూడాలన్న కోరిక పెద్దవాళ్లకూ ఉంటే అడుగు భాగాన గాజు ఉన్న పడవ చాలు. సబ్‌మెరైన్ అని కూడా అమ్ముతారు; దిగడానికి నిచ్చెన మెట్లు ఉంటాయి, అమ్మగారికి వద్దు.

వేసవిలో కరీబియన్ తూర్పు తీరాలకు సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కుప్పలుగా కొట్టుకొస్తుంది, కుళ్లితే వాసన భరించలేము. కోజుమెల్‌లో ఓడలు ఆగేదీ మీరు దిగేదీ పడమటి వైపు కాబట్టి అక్కడ ఆ బాధ తక్కువ. తూర్పు తీరానికి జీపులో తిప్పే ఎక్స్‌కర్షన్ కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాన్నగారి పాదాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. మధుమేహం ఉన్నవారు కాలే ఇసుక మీదా పగడపు ముక్కల మీదా వట్టి కాళ్లతో నడవకూడదు. గీరుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. నీళ్లలో కూడా వేసుకొనే బూట్లు ఒక జత ఇప్పుడే కొనండి. మందులు బస్సులో వదలకుండా మీ సంచిలోనే ఉంచండి, ఇన్సులిన్ ఉంటే ఎండ తగలకుండా చల్లని సంచిలో. ఓడలోని బఫే నుంచి పండ్లు, ఇడ్లీల్లాంటివి, శాండ్‌విచ్‌లు ఒడ్డుకు తీసుకెళ్లనివ్వరు, దేశంలోకి వండిన ఆహారమూ తాజా పండ్లూ తేకూడదన్నది వాళ్ల నియమం. సీలు విప్పని బిస్కెట్లు, వేరుశెనగ పాకెట్లు సాధారణంగా అభ్యంతరం కాదు, అవి ఇంటి నుంచే తెచ్చుకోండి. మీరు శాకాహారులైతే కోజుమెల్‌లో చిక్కుడు గింజల కూరలో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం ఉన్నాయేమో అడిగి తినండి. చూడటానికి పప్పన్నంలా అమాయకంగానే ఉంటాయి.

ఈత రానివారికి లైఫ్ జాకెట్ అన్నది నడుము లోతు నీళ్లలో కూడా విప్పని వస్తువు. అందులో బేరం లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. అమ్మానాన్నల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదై, తిరిగి గాల్వెస్టన్ చేరే రోజుకు చెల్లుబాటులో ఉండాలి. మీరు హెచ్‌-1బి మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయి, ఆమోద పత్రం మాత్రమే చేతిలో ఉంటే ఆగండి. ముద్ర గడువు తీరినా తిరిగి రానిచ్చే వెసులుబాటు మీ కోవవారికి కెనడా, మెక్సికోలకే పరిమితం. హోండురాస్, బెలీజ్ తాకిన ఓడలో వచ్చినవారికి అది వర్తించదు. మీ ఉద్యోగ సంస్థ న్యాయవాదిని అడగకుండా ఓడెక్కకండి. చెల్లే అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికో వేరే వీసా అడగదు. మిగతా రెండు దేశాల నియమాలను మీ పాస్‌పోర్టుల వివరాలిచ్చి క్రూయిజ్ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. పెద్దల కోసం తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట పని చేస్తుందో లేదో కూడా పాలసీ తీసి చదవండి.

బెలీజ్ ఎక్స్‌కర్షన్‌ను ఇప్పుడే ఓడ సంస్థ వెబ్‌సైటులో కొనండి. ఓడెక్కాక కొనేకంటే ముందే కొంటే చాలాసార్లు చవక, సీట్లూ ఉంటాయి, గడువులోపు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది కాబట్టి ఆ గడువు ఎప్పుడో రాసి పెట్టుకోండి. రోవటాన్ వ్యానుకు, వెస్ట్ బే కుర్చీలకు బయలుదేరడానికి రెండు మూడు వారాల ముందు మాట్లాడుకుంటే సరిపోతుంది. కోజుమెల్‌లో పడవ మాత్రం ముందే, టాక్సీ అక్కడే. గైడ్లకూ డ్రైవర్లకూ టిప్ ఇవ్వడం ఈ మూడు చోట్లా రివాజు, ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఇంటి దగ్గరే మార్చి తీసుకెళ్లండి. ఇక ప్రతి ఉదయం దిగే ముందు ఒక చిన్న చీటీ మీద ఓడ పేరు, పీర్ పేరు, తిరిగి ఎక్కవలసిన ఓడ సమయం, మీ ఫోను నంబరు ఇంగ్లీషులో రాసి అమ్మగారి పర్సులో ఒకటి, పాప జేబులో ఒకటి పెట్టండి.